జంట గూళ్ళ దారంతో అల్లుదాం, పీసు కూలికి మాత్రం వద్దు



ఈ తడవ గూళ్ళ రేటు, ఆకు తెగులు పక్కన పెట్టి మఫ్లర్ల గురించి రాస్తా ఉండాము. నవ్వొద్దండి. నెల రోజులుగా మన గుంపులో వచ్చిన వాయిస్ మెసేజీల్లో సగం దీని గురించే. "అక్కా, ఆ దారం పని పట్టుకోవచ్చా?", "మా ఇంటామె చేస్తానంటాది, మీరేమంటారు?" అని అడిగినవాళ్ళకి ఒక్కొక్కరికీ విడిగా చెప్పలేక మా అభిప్రాయం ఇక్కడ రాసేస్తున్నాం. నచ్చకపోతే తిట్టండి, కానీ చివరిదాకా చదివి తిట్టండి.

సంగతి తెలియనివాళ్ళకి ముందు చెప్పాల. చలి మొదలైనప్పుడు ఒక ఏజెంటు రాయకోట చుట్టుపక్కల పల్లెలకు వచ్చినాడు. గోనెసంచి నిండా రంగురంగుల ఫ్యాన్సీ దారం తెచ్చినాడు. "సూదులు నేనే ఇస్తా, దారం నేనే ఇస్తా. మఫ్లరు అల్లి ఇస్తే పీసుకు 90 రూపాయలు. ఇంట్లో కూర్చునే పని. పురుగులు జ్వరంలో ఉన్నప్పుడు మీకు ఖాళీయే గదా" అన్నాడు. సరుకు విదేశాలకు పోతాదంట. పురుగు జ్వరం ఒక దినం ఉంటాది, ఆ ఒక్క దినంలో కూడా సున్నం చల్లేది, షెడ్డు చూసుకునేది ఎవరని ఆయన అడగలేదు. అయినా చూద్దామని, ఈ ఉత్తరం రాసే మాలో ముగ్గురం ఆడవాళ్ళం తలా నాలుగు మఫ్లర్లకు దారం తీసుకున్నాం. మగవాళ్ళు ఇద్దరు లెక్క రాసినారు.

సంచి విప్పితే మూడు రకాలు కనిపించినాయి. ఒకటి, కనురెప్ప వెంట్రుకల మాదిరి పోగులు వేలాడే దారం. అది పట్టు కాదు, కాల్చి చూస్తే ప్లాస్టిక్ మాదిరి ముద్దకట్టింది. రెండోది, పట్టుచీరల నేతలో మిగిలిన ముక్కలు, పోగులు అన్నీ కలిపి పేనింది. ఒక గజంలో ఎరుపు, పసుపు, నెమలికంఠం అన్నీ ఉంటాయి. మూడోది ఒకచోట సన్నం, ఒకచోట లావు, మధ్య మధ్యలో గడ్డలు. తెల్లగా, మెరుస్తా ఉంది. మాలో ఒకామె పుట్టింట్లో చరఖా రీలింగ్ ఉండేది. ఆమె ఆ కండె చేతిలో పట్టుకుని, "ఇది మన డబుల్ గూటి దారం గదా" అనింది.

అక్కడ మా అందరికీ నోట మాట రాలేదు. ఎందుకంటే ముందు వారమే అదే గూళ్ళను మేము రీలరుకు దాదాపు ఊరికే ఇచ్చినట్టు ఇచ్చేసినాం.

జంట గూడు ఎట్లా వస్తాదో మీకు కొత్తగా చెప్పేదేం లేదు. చంద్రికలో పురుగులు ఎక్కువ వేస్తే రెండు పురుగులు ఒకేచోట చేరి ఒకే గూడు కట్టుకుంటాయి. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు చంద్రికకు వెయ్యి, మహా అయితే పన్నెండు వందల పురుగులు వేయాలని అధికారులు చెప్తానే ఉంటారు. పండు పురుగులు ఒకేసారి ఎక్కేటప్పుడు, చంద్రికలు చాలనప్పుడు, మనం గుప్పిళ్ళతో పోసేస్తాం. ఆ తొందర ఫలితమే జంట గూడు. రెండు పురుగుల పోగులు ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉంటాయి కాబట్టి రీలింగులో సాఫీగా రాదు. తెగుతాది, గడ్డలు వస్తాయి. మంచి బైవోల్టిన్ గూడు ఒక్కటే వెయ్యి మీటర్ల పైన ఒకే పోగుగా విప్పుకుంటా ఉంటే, ఇది నాలుగడుగులకు ఒకసారి మొండికేస్తాది. అందుకే మార్కెట్లో రీలరు మన రాశిలో చెయ్యి పెట్టి, నాలుగు జంట గూళ్ళు, నాలుగు జిల్లి గూళ్ళు ఏరి పైకెత్తి చూపించి మొత్తం లాటుకే రేటు తగ్గిస్తాడు. ఆయన తప్పేం కాదు, ఆయనకు కావాల్సింది సమానమైన దారం.

కానీ ఆ గడ్డలనే ఇంకొకరు అందం అంటారు. డూపియన్ బట్టలో అడ్డంగా కనిపించే గీతలు, లావు పోగులు అన్నీ ఈ జంట గూటివే. సూదులతో అల్లేవాళ్ళు ఒక అడుగు ముందుకు పోయినారు. దారం ఎంత వంకరగా ఉంటే అంత డబ్బు పెట్టి కొంటారు. సమానమైన దారం మిషన్ ఎంతైనా తీస్తాది. తిరుప్పూరులో బనియన్ గుడ్డ మిషన్ మీద నిమిషాల్లో వచ్చేస్తాది, కానీ గడ్డలున్న దారం ఆ మిషన్ సూదుల్లో ఇరుక్కుంటాది. చెయ్యి మాత్రం గడ్డ వచ్చిన చోట ఆగి, దారి వదిలి, ముందుకు పోతాది. అందువల్లే మన ఇళ్ళకు ఆ సంచి వచ్చింది.

ఇంక అల్లడం గురించి. స్కూల్లో ఊలుతో కొంచెం నేర్చుకున్నవాళ్ళం కాబట్టి ఇదేం కష్టం అనుకున్నాం. మొదటి దినమే తెలిసింది.

మొదటి శత్రువు మన చేతులే. ఆకు కోసి, కొమ్మలు నరికి, బ్లీచింగ్, సున్నం పట్టుకున్న చేతులు గరుకుగా ఉంటాయి. పట్టు పోగు ప్రతి పగులులోనూ తగులుకుంటాది. లాగితే బొచ్చు లేస్తాది. చక్కెర, కొబ్బరినూనె కలిపి అరచేతులు బాగా రుద్ది, సబ్బుతో కడిగి, పూర్తిగా ఆరినాక పట్టుకుంటే బాగుంది. నూనె మిగిలితే తెల్ల దారానికి మరక పడతాది, ఒక మఫ్లరు అట్లనే పోయింది.

ఏజెంటు ఇచ్చిన స్టీలు సూదుల మీద పట్టు నిలవదు. ఒక వరసలో రెండు కుట్లు జారిపోతాయి, ఎక్కడ జారినాయో కూడా కనిపించదు. మాలో ఒకరి మామ, పాత చంద్రిక చట్రం వెదురు చీల్చి, చెక్కి, గరుకు కాగితంతో రుద్ది రెండు సూదులు చేసిచ్చినాడు. పెన్సిలు కంటే కొంచెం లావు. వాటి మీద దారం నిలిచింది. ఆ పెద్దాయనకు ఈ ఉత్తరంలో దండం.

కుట్లు ఎక్కువ వేయొద్దు. మేము 40 కుట్లతో మొదలుపెట్టి, సగం దారం అయిపోయేసరికి జానెడు కూడా పొడవు రాలేదు. లావు సూదులతో 20 కుట్లు చాలు. డిజైన్లు, జడ అల్లికలు అన్నీ వదిలేయాల. రెండు వైపులా ఒకే రకం సాదా కుట్టే వేయాల. దారమే డిజైన్. మనం చేసిన డిజైన్ ఆ గడ్డల్లో ఎవరికీ కనిపించదు. ఒక్కో వరస అయినాక కుట్లు లెక్కపెట్టుకోవాల, అది కూడా కంటితో కాదు, వేలితో తడుముతా. వెంట్రుకల దారంలో అయితే కుట్టు అసలు కనిపించదు. తప్పు జరిగితే విప్పేదానికి వీలు లేదు, పోగులన్నీ ఒకదానికొకటి పట్టుకుంటాయి. దానికి ఉపాయం, ఒక సాదా దారం తోడు పెట్టి రెండూ కలిపి అల్లడమే. సాదా దారం కుట్టు చూపిస్తాది, వెంట్రుకల దారం పైన సోకు చూపిస్తాది.

గడ్డ వచ్చినప్పుడు గట్టిగా లాగొద్దు. కుట్టు వదులు చేసి గడ్డను వెనక వైపుకు తోయాల. లాగితే గడ్డ పక్కనే దారం సన్నగా ఉండే చోట తెగుతాది. తెగినా ముడి వేయొద్దు, పట్టు ముడి నిలవదు, రెండు దినాల్లో జారి వస్తాది. రెండు కొసలూ జానెడు వదిలి, అల్లికలోకి సూదితో దూర్చేయాల.

ఊలుకూ పట్టుకూ ఒక పెద్ద తేడా ఉంది, అది ముందే తెలిసుంటే బాగుండేది. ఊలు సాగదీస్తే మళ్ళా ముడుచుకుంటాది. పట్టు సాగితే సాగినట్టే. మనిషి ఎత్తుకు సరిగ్గా అల్లిన మఫ్లరును తడిపి దండెం మీద వేసినాం. సాయంత్రానికి అది దాదాపు మోకాళ్ళ దాకా దిగింది. కాబట్టి కొంచెం పొట్టిగా అల్లాల, ఉతికినాక పిండకుండా చాప మీద పరచి ఆరబెట్టాల. చీరముక్కల దారమైతే ముందుగా తడిపిన తెల్లగుడ్డలో కాసేపు చుట్టి చూడండి. ఎరుపు దిగితే ఆ రంగు మెడకు కూడా దిగుతాది.

ఇంత నేర్చుకునేసరికి లెక్క ఇట్లా తేలింది. మొదటి మఫ్లరుకు 19 గంటలు. నాలుగోదానికి 9 గంటలు. ఏజెంటు వచ్చి మొత్తం 12లో 3 పీసులు పక్కన పెట్టి, "కుట్టు జారింది, వీటికి కూలి లేదు, దారం ఖర్చు కూడా పట్టుకుంటా" అన్నాడు. మిగిలిన 9కి లెక్క కట్టి, దారం ఖర్చు తీసేసి ఇచ్చినాడు. బాగా అల్లిన మఫ్లరుకు కూడా గంటకు 10 రూపాయలు పడింది. మొదటివాటికి 5 కూడా రాలేదు. ఆకు కోతకు పోతే దినానికి ఎంత కూలి ఇస్తారో మీ అందరికీ తెలుసు, మేము రాయబళ్ళేదు.

ఇక్కడే మాలో గొడవ వచ్చింది. ఒకామె, "ఇంట్లో కూర్చుని టీవీ చూస్తా అల్లిందానికి వచ్చింది లాభమే గదా" అనింది. ఆ మాటకు జవాబుగా నర్సాపురం గురించి చెప్పాల. మాలో ఎవరూ ఆ ఊరు పోలేదు, చదివింది చెప్తున్నాం.

పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురం, దాని చుట్టూ పల్లెలు. అక్కడ ఆడవాళ్ళు కొక్కెం సూదితో లేసు అల్లుతారు. తెల్లదొరల కాలంలో మిషనరీలు నేర్పిన పని. తరాలుగా ఆ లేసు విదేశాలకు పోతా ఉంది, ఈమధ్య దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మరియా మీస్ అనే జర్మనీ పండితురాలు అక్కడికి పోయి ఆ ఆడవాళ్ళతో మాట్లాడి, వాళ్ళ పని గంటలు, కూలి రాసి 1982లో ఒక పుస్తకం తెచ్చింది. అందులో తేలింది ఏమంటే, దారం వర్తకుడిదే, డిజైన్ వర్తకుడిదే, కొనేదీ వర్తకుడే. ఆడమనిషిని పనిమనిషి అని కూడా లెక్కపెట్టలేదు, "ఇంట్లో ఖాళీగా కూర్చుని అల్లుకునే ఇల్లాలు" అన్నారు. ఖాళీగా కూర్చుంది అన్నాక, దానికి కూలి ఎంత తక్కువ ఇచ్చినా సరిపోతాది గదా! పని చేసింది వేలాది ఆడవాళ్ళు, ఎగుమతిదారుగా పేరు, డబ్బు వచ్చింది కొద్దిమంది మగవాళ్ళకు.

మన ఏజెంటు అన్న మాట గుర్తు తెచ్చుకోండి. "ఇంట్లో కూర్చునే పని. మీకు ఖాళీయే గదా." అదే మాట. నర్సాపురం వాళ్ళ చేతుల్లో పనితనం తక్కువై కాదు, దారం వాళ్ళది కాకపోవడం వల్ల ఆ గతి. మనకు ఒక్కటి ఎక్కువ ఉండాది, దారం మన ఇంట్లో పుడతాది. దాన్ని వదిలేసి, ఎవరో కొని తిప్పి తెచ్చిన మన దారాన్నే మనం కూలికి అల్లడం మాకు బుర్రకెక్కడం లేదు.

కాబట్టి మా అభిప్రాయం ఇది. పీసు కూలికి పోవద్దు. జంట గూళ్ళు, రంధ్రం పడిన గూళ్ళు మనమే దారం చేసుకుని, మన దారంతో అల్లి, మన రేటు మనం చెప్పుకుందాం. రీలింగ్ యంత్రం అక్కర్లేదు. పెద్ద పెట్టుబడీ అక్కర్లేదు.

ఎట్లా అంటే, జపాన్‌లో మవాటా అని ఒక పాత పద్ధతి ఉంది. రీలింగుకు పనికిరాని గూళ్ళను, ముఖ్యంగా జంట గూళ్ళనే, వాళ్ళు దీనికి వాడేవాళ్ళు. మేము మూడు తడవలు చేసి చూసినాం. గూళ్ళను పలచని గుడ్డ సంచిలో కట్టి, సబ్బు, కొంచెం వాషింగ్ సోడా కలిపిన నీళ్ళలో ముప్పావు గంట నుంచి గంట దాకా ఉడికించాల. గూటిలో దాదాపు పాతిక పాలు బంక ఉంటాది, అది కరిగి గూడు మెత్తగా, జారుడుగా అవుతాది. మంచి నీళ్ళలో రెండు మూడు తడవలు కడగాల. నీళ్ళలోనే వేళ్ళతో గూడు ఒక కొస తెరిచి, లోపలి పురుగు తీసేసి, టోపీ మాదిరి తిప్పి, నాలుగు మూలలా మేకులు కొట్టిన చెక్క చట్రానికి లాగి తగిలించాల. దాని మీద ఇంకొకటి, ఇంకొకటి. ఆరినాక సన్నని చేతిరుమాలు మాదిరి పొరలు వస్తాయి. ఒక్కో పొర ఒక్కో గూడు. పొర మధ్యలో వేలితో బొక్క పెట్టి, మెల్లగా ఉంగరం మాదిరి సాగదీస్తా పోతే పెద్ద వలయం అవుతాది. ఒకచోట తెంపితే పొడుగాటి పోగు. దాన్ని కొంచెం మెలిపెట్టి నేరుగా సూదుల మీదే అల్లొచ్చు, రాట్నం కూడా లేకుండా. విదేశాల్లో అల్లేవాళ్ళు ఈ పట్టు రుమాళ్ళనే కట్టలుగా కొని, రంగు వేసుకుని మఫ్లర్లు అల్లుకుంటారు.

జపాన్‌లో యూకీ త్సుముగి అనే బట్ట ఉంది. మవాటా నుంచి చేత్తో లాగిన దారంతోనే నేస్తారు. 2010లో యునెస్కో దాన్ని మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది. మనం రీలరు ముందు సిగ్గుతో దాచుకునే గూళ్ళ జాతి దారమే అది.

మన తెలుగోళ్ళలోనూ ఒకాయన ఉండారు. హైదరాబాదులో చేనేత రంగంలో ప్రభుత్వ ఉద్యోగం చేసిన కుసుమ రాజయ్య గారు. ఆర్. వెంకట్రామన్ గారు రాష్ట్రపతిగా ఉన్న రోజుల్లో ఆయన సతీమణి జానకి గారు, పురుగును చంపకుండా పట్టుచీర వస్తుందా అని అడిగినారంట. ఆ మాట పట్టుకుని, సీతాకోక బయటికి పోయినాక మిగిలే రంధ్రపు గూళ్ళతో నూలు వడికించి బట్ట నేయించినారు రాజయ్య గారు. అహింసా పట్టు అని పేరు పెట్టి పేటెంటు కూడా తెచ్చుకున్నారు. నిజం చెప్పాలంటే ఆ దారం రీలింగ్ పట్టు అంత మెరవదు, అంత గట్టిదీ కాదు. అయినా ఎక్కువ రేటు పలికింది. ఎందుకు పలికిందో ఆలోచిస్తే, కొనేవాళ్ళకు దారంతోపాటు దాని కథ కూడా చెప్పినారు. మన మఫ్లరుకూ ఒక కథ ఉండాది. అది ఏజెంటు సంచిలో పడితే చెప్పేవాళ్ళు ఉండరు.

ఇప్పుడు ఆశ మరీ ఎక్కువ పెట్టుకోకుండా లెక్క చూద్దాం. మంచి బైవోల్టిన్ గూడు తాజాగా రెండు గ్రాములకు కొంచెం తక్కువ తూగుతాది. అందులో పట్టు పొర సుమారు 0.4 గ్రాము. బంక పోయినాక 0.3 గ్రాము మిగులుతాది. ఒక మఫ్లరుకు 100 గ్రాముల దారం అనుకుంటే, పట్టు బరువు లెక్కన 330 గూళ్ళకు సరిపడా కావాల. జంట గూటిలో రెండు పురుగుల పట్టు ఉంటాది కాబట్టి 200 లోపే చాలు. తాజా బరువులో చూస్తే తరుగుతో కలిపి ముక్కాలు కిలో. 100 గుడ్లకు 70 కిలోల గూళ్ళు తీసే రైతుకు నూటికి రెండు మూడు పాళ్ళు జంట గూళ్ళు వచ్చినాయనుకుంటే, కిలోన్నర నుంచి రెండు కిలోలు. అంటే ఒక పంటకు రెండు మఫ్లర్లు, ఇంకొంచెం. అంతే. దీంతో అప్పులు తీరవు. ఒక ఇంటి పని కాదిది, పది పదిహేను ఇళ్ళు కలిస్తేనే నెలకు చెప్పుకోదగ్గ సరుకు తయారవుతాది.

ఈ లెక్క గుంపులో పెట్టినప్పుడు ఒక పెద్దాయన ఫోను చేసి, "ఏమప్పా, ఇబుడు దీనికోసం చంద్రికలో పురుగులు ఒత్తుగా పోయమంటారా ఏమి?" అని అరిచినాడు. వద్దు సామీ, వద్దే వద్దు! మంచి గూటికి వచ్చే రేటు ముందు ఇది ఏ మూలకూ రాదు. ఆరు ఏడు కిలోల మంచి గూళ్ళకు కిలో దారం వస్తాది రీలరుకు, ఆ నమ్మకం మీదే మన రేటు నిలబడుతుంది. వీలైనవాళ్ళు రోటరీ చంద్రికలు పెట్టుకోండి, అందులో ఒక్కో పురుగుకు ఒక్కో గది కాబట్టి జంట గూళ్ళు బాగా తగ్గుతాయి. మఫ్లర్లకు దారం తగ్గిపోతే పోనీ. మేము చెప్పేది ఎట్లయినా వచ్చే ఆ రెండు పాళ్ళ గురించే. మార్కెట్‌కు పోయే ముందే వాటిని ఏరేస్తే మిగిలిన లాటు కూడా శుభ్రంగా కనిపిస్తాది, రీలరు చెయ్యి పెట్టి చూపించేదానికి ఏమీ దొరకదు. నిజానికి మాకు ఈ పనిలో కనిపించిన మొదటి లాభం మఫ్లరు కాదు, ఇదే.

ఇంకో విషయం గట్టిగా చెప్పాల. రోగం వచ్చి లోపలే కుళ్ళి నల్లమరక పడిన గూళ్ళు దీనికి తేవొద్దు. అవి కాల్చేయండి, లేదంటే పూడ్చేయండి. ఊజీ ఈగ బొక్క పెట్టిన గూళ్ళయినా, రంధ్రపు గూళ్ళయినా షెడ్డులో, షెడ్డు పక్కన నిలవ పెట్టొద్దు. వాటికి గూళ్ళను తినే పెంకుపురుగు పడతాది, అది మంచి గూళ్ళకూ పాకుతాది. ఉడికించేది షెడ్డుకు దూరంగా, ఉడికించినవాళ్ళు స్నానం చేసి బట్టలు మార్చుకుని పురుగుల దగ్గరికి రావాల. వంద రూపాయల దారం కోసం పంట పోగొట్టుకుంటే మమ్మల్ని తిట్టినా ప్రయోజనం లేదు.

మరి టైము? ఐదో దశలో అల్లిక మాటే ఎత్తొద్దు. పురుగు మొత్తం తినే ఆకులో నూటికి 80 పాళ్ళ పైన ఆ ఏడెనిమిది దినాల్లోనే తింటాది. ఆ దినాల్లో ఆడమనిషికి నిద్రే ఉండదు, సూదులెక్కడ పట్టుకుంటాది. గూళ్ళు అమ్మి, షెడ్డు కడిగి, మందు కొట్టి, మళ్ళా చాకీ పురుగులు వచ్చేదాకా ఉండే విరామంలోనే ఈ పని. అది కూడా ఇష్టమున్నవాళ్ళే. మగవాళ్ళకు ఒక మాట: అల్లిక ఆడవాళ్ళదే అని ఏ పురుగూ చెప్పలేదు. మాలో లెక్క రాసిన ఇద్దరిలో ఒకాయన రెండు దినాల్లో నేర్చుకున్నాడు. ఆయన కుట్టే మా అందరికంటే సమంగా ఉంది. ఆకు నరకని చెయ్యి కదా అని మా వెక్కిరింత.

నేర్చుకునేదానికి దగ్గర్లోనే చోట్లు ఉండాయి. హోసూరులో పట్టు పరిశ్రమ శిక్షణ సంస్థ ఉంది, అయితే అక్కడ ఎక్కువగా పురుగుల పెంపకమే నేర్పుతారు. దారం తీయడం, వడకడం మీద పరిశోధన చేసేది బెంగళూరులోని కేంద్ర పట్టు సాంకేతిక పరిశోధన సంస్థ. రంధ్రపు గూళ్ళు వడికే మోటారు రాట్నాల సంగతి వాళ్ళను అడగొచ్చు. ఒకరిద్దరు అడిగితే జవాబు ఎప్పుడొస్తాదో. ఇరవై మంది సంతకాలతో ఒక అర్జీ పోతే వేరుగా ఉంటాది. ఆ అర్జీ మేము తమిళంలో, ఇంగ్లీషులో రాసిపెట్టినాం. సంతకాలు కావాల.

రేటు మీద మాలో ఇంకా ఒప్పందం కుదరలేదు. ఒకరు 600 అంటారు, ఒకరు వెయ్యి అంటారు. మేము పెట్టుకున్న పద్ధతి మాత్రం ఒక్కటే: ముందు గంటలు రాయాల, ఆకు కోత కూలితో గుణించాల, గూళ్ళకు రీలరు ఇచ్చే రేటు, సబ్బు, కట్టెలు కలపాల. ఆ తరువాతే మఫ్లరు మీద చీటీ కట్టాల. ఆ లెక్కకు ఎవరూ కొనకపోతే అల్లడం మానేసి, రుమాళ్ళు మాత్రమే చేసి అమ్ముదాం. వాటికి పని తక్కువ.

ఏజెంటుకు మిగిలిన దారం, స్టీలు సూదులు లెక్కపెట్టి తిరిగి ఇచ్చేసినాం. ఆయన కోపంగా పోలేదు, "మీ ఇష్టమమ్మా, పక్క ఊళ్ళో తీసుకుంటారు" అని పోయినాడు. పక్క ఊరివాళ్ళు ఈ గుంపులో ఉంటే, పీసు కూలి ఎంత చెప్పినాడో, తప్పు పీసులకు ఏమి పట్టుకుంటాడో ముందే కాగితం మీద రాయించుకోండి. అంతవరకైనా చేయండి.

జంట గూళ్ళు ఏరిపెట్టినవాళ్ళు వచ్చే సంత దినం మార్కెట్ గేటు దగ్గర టీ అంగడిలో మమ్మల్ని కలవండి. తడి లేకుండా ఎండబెట్టి, గుడ్డ సంచిలో తీసుకురండి, ప్లాస్టిక్ కవరు వద్దు. తూకం వేసి మీ ముందరే పుస్తకంలో రాస్తాం. మా మొదటి సొంత దారం మఫ్లరు అమ్మలేదు. వెదురు సూదులు చెక్కిన మామకే ఇచ్చినాం. ఆయన తెల్లారుజామున దాన్ని చెవులకు చుట్టుకుని టమాటా మార్కెట్‌కు పోతా ఉండాడు. ఇద్దరు వ్యాపారులు ఎంతకు కొన్నావని అడిగినారంట.